కోనాం చేప బిర్యానీ: ముక్క చెదరకుండా ఇంట్లో వండుకోవడం

నేను మొదటిసారి వండిన చేప బిర్యానీకి మా అమ్మ పెట్టిన పేరు 'చేప ఉప్మా'. కోడి బిర్యానీ చెయ్యి తిరిగిందన్న ధీమాతో అదే లెక్క చేపకీ వేశాను. పచ్చి ముక్కలకి మసాలా పట్టించి అడుగున పరిచి, మీద సగం ఉడికిన బియ్యం పోసి, 40 నిమిషాలు దమ్ము పెట్టాను. మూత తీసి గరిటె పెడితే ముక్కన్నది లేదు. ముల్లొక చోట, తోలొక చోట. చేప వదిలిన నీళ్లకి అడుగున అన్నం ముద్దయిపోయింది, మీద అన్నం మాత్రం పలుకు పలుకుగానే ఉంది. ఆ రోజు భోజనానికొచ్చిన మా బావ మర్యాదకి రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్దలో ముల్లు తగిలేసరికి పెరుగన్నంలోకి దిగిపోయాడు.

తప్పు మసాలాలో లేదు, టైములో ఉంది. కోడిలో, మేకలో కండని పట్టి ఉంచే పొర గట్టిగా ఉంటుంది, అది మెత్తబడడానికి సేపు పడుతుంది. చేపలో ఆ పొర బాగా తక్కువ, ఉన్నది కూడా కాస్త వేడికే కరిగిపోతుంది. ముప్పావు అంగుళం మందమున్న ముక్క పది, పన్నెండు నిమిషాల్లో ఉడికిపోతుంది. ఇంకా ఉంచితే రేకులు రేకులుగా విడిపోతుంది. బియ్యానిది ఒక లెక్క, ఉల్లిపాయ మసాలాది ఇంకో లెక్క, చేపది వేరే లెక్క. మూడింటినీ విడివిడిగా వండి, ఆఖరి పావుగంట మాత్రమే ఒక గిన్నెలో కలిపి ఉంచాలి. ఈ ఒక్క సంగతి ఒంటబడితే మిగతాదంతా మామూలు వంటే.

కింద చెప్పే కొలతలు నలుగురికి నిండుగా, ఐదుగురికి సరిపోయేలా ఉంటాయి.

చేప దగ్గరే సగం పని

బిర్యానీకి నా ఓటు కోనాం చేపకే. గోదావరి, కృష్ణా వైపు వాళ్లు వంజరం అంటారు, మన ఉత్తరాంధ్ర వైపు కోనాం. నడుమ ఒకటే పెద్ద ముల్లు, కండ గట్టి, పొలుసు దాదాపు లేనట్టే. శ్రీకాకుళం వాళ్లకి కళింగపట్నం, భావనపాడు, బారువ ఒడ్డు నుంచి వస్తుంది. విజయనగరం వాళ్లకి చింతపల్లి, కోనాడ, ముక్కాం వైపు నుంచి. ఒడ్డుకి వెళ్లి తెచ్చుకునే తీరిక ఎవరికుంది గానీ, బజారుకి మాత్రం పొద్దున్నే వెళ్లండి. పదింటి తర్వాత బుట్టలో ఐసు కరిగి నీళ్లు కారుతుంటే చేప అందం చూసి మోసపోతాం.

తాజాదో కాదో తేల్చడానికి నేను నాలుగు చూస్తాను. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. లోపలికి పీక్కుపోయి పాలలా తెల్లబడితే వదిలేయండి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, ఇటుక రంగులోకి మారకూడదు. వేలితో వీపు మీద నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. వాసన సముద్రపు గాలిలా ఉండాలి. ముక్కుకి ఘాటు తగిలితే ఇక బేరం కూడా ఆడొద్దు.

నేను ఎప్పుడూ కొనే అప్ప ఒకామె ఉంది. గట్టు మీద కత్తిపీట, పక్కన బూడిద గిన్నె. చేప జారకుండా తోకకి ఇంత బూడిద రాసి పట్టుకుంటుంది. ఓ ఆదివారం చేప మొప్పలు చూస్తుంటే నవ్వింది.

"సెవులెత్తి సూడ్డం నేర్సుకున్నావు గానీ, ముక్క ఎలాగ కోయించాలో తెలుసేటి బావూ? పులుసుకా, ఏపుడుకా?"

"బిర్యానీకప్పా."

"అయితే లావుగా కోస్తాను. సన్నంగా కోస్తే నీ గరిటికి ఆగదు."

ఆవిడ చెప్పిందే పద్ధతి. చేపకి అడ్డంగా, చక్రాల్లాగా, ఒక్కోటి ముప్పావు అంగుళం మందాన కోయించండి. వేపుడుకైతే అరంగుళం చాలు గానీ, దీనికి ఆ మందం ఉండాల్సిందే. తోలు తీయించొద్దు, ముక్కని పట్టి ఉంచేది అదే. నడుమ భాగం ముక్కలు 750 గ్రాములు, అంటే ఎనిమిదో తొమ్మిదో వస్తే చాలు. తల, తోక వేరే సంచిలో వేయించుకోండి. వాటి సంగతి చివర్లో చెప్తాను.

ఇంటికి అరగంటకి పైన ప్రయాణం ఉంటే ఐసు పెట్టించుకోవడం మరచిపోవద్దు. కోనాం, కానాగంత, తూర ఇవన్నీ ఒకే కుటుంబపు చేపలు. వీటిని వేడికి వదిలేస్తే కండలో హిస్టమైన్ అనే పదార్థం తయారవుతుంది. ఒళ్లు దద్దుర్లు లేచి, ముఖం ఎర్రబడి, తలనొప్పీ వాంతులూ పట్టుకుంటాయి. ఎంత ఉడికించినా అది పోదు. 'చేప పడలేదు' అని మనం అనుకునే సందర్భాల్లో కొన్ని ఎండలో తిరిగిన చేప వల్ల వచ్చినవే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ బజార్లో పెద్ద కోనాం కనబడితే ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్నాళ్లు ఐసులో ఉందని అడగండి. నేనైతే ఆ రోజుల్లో కొర్రమీనుకి మారిపోతాను. ముళ్లు తక్కువ, కండ గట్టి, పైగా బతికున్నది దొరుకుతుంది. పండుగొప్ప కూడా బాగుంటుంది. బొచ్చె, శీలావతి మాత్రం వద్దు. పులుసులో వాటికి సాటి లేదు గానీ, వాటి సన్న ముళ్లు అన్నంలో కలిస్తే వెతుక్కోలేం. కవ్వళ్లు, నెత్తళ్లలాంటి చిన్న చేపల గురించి అడక్కండి.

బియ్యం

బాస్మతి అయితే అర కిలో. ఏడాది పాతదైతే మంచిది. మూడు నీళ్లలో నెమ్మదిగా కడిగి, అరగంట నానబెట్టండి. గట్టిగా పిసికితే గింజ విరుగుతుంది.

బాస్మతి లేకపోతే బిర్యానీ లేదన్న పట్టుదల నాకు లేదు. శ్రీకాకుళం దగ్గరున్న మన రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన 'శ్రీకాకుళం సన్నాలు' రకం బియ్యంతో చాలాసార్లు వండాను. గింజ సన్నగా ఉంటుంది, మసాలా బాగా పీల్చుకుంటుంది. బాస్మతి వాసన రాదు, కానీ చేప వాసన, కొత్తిమీర వాసన ఇంకాస్త ముందుకొస్తాయి. ఒకటే షరతు: సంక్రాంతికి ఇంటికొచ్చిన కొత్త బియ్యం ముట్టుకోవద్దు. అవి జిగురు కట్టి ముద్దయిపోతాయి. కిందటేడు బియ్యం వాడండి. నానబెట్టడం పావుగంట చాలు.

ముక్కలు కడిగి, మసాలా పట్టించడం

ముక్కలకి గుప్పెడు రాళ్ల ఉప్పు, చిటికెడు పసుపు రాసి రెండు నిమిషాలుంచి కడగండి. వెన్నుముల్లుని ఆనుకుని నల్లగా గడ్డకట్టిన నెత్తురు ఉంటుంది, దాన్ని వేలి గోటితో గీకెయ్యాలి. నీచు వాసనలో ఎక్కువ వంతు అక్కడిదే. తర్వాత ముక్కల్ని పాత నూలు గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా అద్దెయ్యండి. ఈ పని చాలామంది చెయ్యరు. తడి ముక్కకి మసాలా అంటుకోదు, నూనెలో వేస్తే చిటపటలాడి పెనానికి అంటుకుపోతుంది.

ఒక పళ్లెంలో ఒకటిన్నర చెంచా కారం, అర చెంచా పసుపు, చెంచా ఉప్పు, పెద్ద చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెక్క నిమ్మరసం, పెద్ద చెంచాడు నూనె కలిపి ముక్కలకి రెండు వైపులా రాయండి. చెంచా అంటే టీ చెంచా. అల్లం వెల్లుల్లి అప్పటికప్పుడు రోట్లో నూరుకుంటే మంచిది, సీసాలోది అయితే పులుపు ఉంటుంది కాబట్టి నిమ్మరసం తగ్గించండి. 20 నిమిషాలు చాలు. కోడిలా రాత్రంతా నానబెడితే నిమ్మ పులుపుకి కండ తెల్లబడి, ఉడక్కముందే పొడి పొడిగా రాలిపోతుంది.

పెరుగు ఏదని అడుగుతారేమో. మా ఇంట్లో చేపలో పెరుగు పడదు. ఆయుర్వేదం పాలూ చేపా విరుద్ధాహారమంటుంది, మన పెద్దవాళ్లు పెరుగుని కూడా అందులో కలిపేశారు. బెంగాలు వాళ్లు పెరుగులో చేప వండుకుని సుబ్బరంగా తింటున్నారని మా అమ్మకి ఒకసారి చెప్పి చూశాను. "అయితే బెంగాలెళ్లి వండు" అంది. ఆ రోజు నుంచి కొబ్బరి పాలు. నిజం చెప్పాలంటే చేపకి అదే నప్పింది కూడా. పెరుగు పులుపుతో పాటు నీళ్లూ వదులుతుంది. కొబ్బరి పాలు మసాలా ఘాటుని తగ్గించి చేపని మింగెయ్యకుండా ఉంచుతాయి.

కొబ్బరికాయ ఒకటి తీసుకోండి, ముదురుది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కాయ దొరికితే మరీ మంచిది. అక్కడి కవిటి, సోంపేట, కంచిలి వైపు తోటలు 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి నేలకూలినప్పుడు మా బజార్లో కాయ దొరకడమే గగనమైంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది కదా. కాయలో సగం చిప్ప కోరి, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు పోసి మిక్సీలో తిప్పి, గుడ్డలో వేసి పిండండి. ముప్పావు గ్లాసు చిక్కటి పాలు వస్తాయి. అంతే కావాలి.

పొడి, దినుసులు

బజారు బిర్యానీ మసాలా పొట్లం చేప మీద వేస్తే ఏ చేపైనా ఒకటే రుచి అవుతుంది. పెద్ద చెంచాడు ధనియాలు, చెంచా మిరియాలు, అర చెంచా సోంపు, పదంటే పది మెంతి గింజలు మూకుట్లో సన్న సెగ మీద వేయించి పొడి కొట్టుకోండి. మెంతులు చేపల పులుసులో వేస్తాం కదా, ఇందులోనూ అంతే. ఎర్రబడగానే దించెయ్యాలి, నల్లబడితే చేదు. జాపత్రి, జాజికాయ వెయ్యకండి. మేక మాంసానికి అవి సొగసు, చేపని మాత్రం నొక్కేస్తాయి.

నూనెలో వెయ్యడానికి విడిగా: రెండంగుళాల దాల్చినచెక్క, ఐదు లవంగాలు, నాలుగు యాలకులు, ఒక అనాసపువ్వు, రెండు బిర్యానీ ఆకులు, అర చెంచా షాజీరా. వీటిలో సగం మసాలాకి, సగం బియ్యం ఉడికే నీళ్లకి.

ఇంకా పెద్ద ఉల్లిపాయలు నాలుగు, పండిన టమాటాలు రెండు, పచ్చిమిర్చి ఐదు నిలువుగా చీరినవి, పుదీనా ఒక గుప్పెడు, కొత్తిమీర రెండు గుప్పెళ్లు, కరివేపాకు రెండు రెమ్మలు. పలాస జీడిపప్పు ఒక పిడికెడు. గుండు పప్పు ఎందుకు, బద్దలు తెచ్చుకోండి. ధర తగ్గుతుంది, అన్నంలో కలిశాక ఎవరూ లెక్కపెట్టరు.

పొయ్యి మీద: ముందు చేప, తర్వాత ఉల్లిపాయ

వెడల్పాటి పెనం బాగా కాలనిచ్చి నాలుగు పెద్ద చెంచాల నూనె పోయండి. నూనె మీద సన్నటి పొగ కనబడబోతుండగా ముక్కలు ఒక్కొక్కటే, మధ్యలో ఖాళీ ఉంచి వెయ్యండి. పెనంలో నాలుగే పడితే రెండు వాయిలు చెయ్యండి. ఇక అట్లకాడ పక్కన పెట్టేసి ఒక నిమిషం ముట్టుకోవద్దు. కింద చర్మం కట్టాక ముక్క తనంతట తనే పెనాన్ని వదులుతుంది. వదలనప్పుడు తిప్పబోతే సగం ముక్క పెనానికే ఉండిపోతుంది. రెండో వైపు ముప్పావు నిమిషం. పైపైన ఎర్రబడాలి, నడుమ పచ్చిగానే ఉండాలి. ముల్లు పక్కన కండ ఇంకా గాజులా మెరుస్తుంటే సరిగ్గా చేశారన్నమాట. అక్కడే పూర్తిగా వేగిపోతే దమ్ములో రబ్బరవుతుంది.

ముక్కల్ని తీసి పళ్లెంలో విడివిడిగా ఉంచండి, ఒకదాని మీద ఒకటి వెయ్యొద్దు. అదే నూనెని వడకట్టండి. మాడిన కారం ముక్కలు పోతాయి, చేప రుచి నూనెలో ఉంటుంది. ఈ నూనే మసాలాకి వాడాలి.

ఇప్పుడు బిర్యానీ వండే గిన్నె. మందపాటి అడుగున్నది, లోతు కన్నా వెడల్పు ఎక్కువున్నది తీసుకోండి. చేప ముక్కలన్నీ అడుగున ఒకే వరసలో పట్టాలి. ఇంట్లో ఉన్న డేక్సా ఇరుకైనదైతే వెడల్పు మూకుడే వాడండి, మూత సరిగ్గా పడితే చాలు.

వడకట్టిన నూనెకి రెండు చెంచాల నెయ్యి కలిపి, ముందు జీడిపప్పు వేయించి తీసెయ్యండి. తర్వాత సన్నగా, నిలువుగా తరిగిన ఉల్లిపాయలన్నీ వేసి చిటికెడు ఉప్పు చల్లి మధ్య సెగ మీద వేయించండి. పావుగంట పడుతుంది, ఇంకొంచెం పట్టినా పట్టొచ్చు. తేనె రంగు దాటి గోధుమ రంగుకి వచ్చేసరికి మూడో వంతు తీసి పక్కన పెట్టుకోండి, మీద చల్లడానికి. ఇక్కడ తొందరపడి సెగ పెంచితే అంచులు మాడి, నడుమ పచ్చిగా ఉంటుంది. ఆ చేదు ఇక పోదు.

మిగిలిన ఉల్లిపాయల్లో దినుసుల్లో సగం, కరివేపాకు, పచ్చిమిర్చి వెయ్యండి. చిటపటమన్నాక పెద్ద చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చి వాసన పోయేదాకా వేయించండి. టమాటా ముక్కలు, చెంచా కారం, పావు చెంచా పసుపు, చెంచా ఉప్పు వేసి మూత పెట్టి ఐదు నిమిషాలు మగ్గనివ్వండి. తర్వాత మూత తీసి, నూనె పైకి తేలేదాకా గరిటెతో నలుపుతూ వేయించండి. కొట్టి ఉంచుకున్న పొడి, పుదీనా సగం, కొత్తిమీర సగం వెయ్యండి.

ఈ దశలో గరిటెతో గిన్నె అడుగున ఒక గీత గియ్యండి. గీత వెంటనే పూడిపోతే ఇంకా నీరుందని అర్థం, మరో రెండు నిమిషాలు వేయించండి. కోడి బిర్యానీలో ఈ నీరు దమ్ములో ఆవిరైపోతుంది, దానికి అంత టైముంటుంది. చేప బిర్యానీలో ఉండేది పావుగంటే కాబట్టి ముందే ఎగరగొట్టాలి. నా 'చేప ఉప్మా'లో అడుగు ముద్దవడానికి ఇదీ ఒక కారణం.

గీత నిలిచాక సెగ బాగా తగ్గించి కొబ్బరి పాలు పోసి, కలుపుతూ రెండు నిమిషాలు ఉంచండి. తెర్లనివ్వద్దు, తెర్లితే విరుగుతాయి. దోసెల పిండిలా జారుగా ఉంటే చాలు. ఉప్పు చూడండి, ఒక పిసరు ఎక్కువనిపించాలి. పొయ్యి ఆపెయ్యండి. ఇందులోంచి సగం మసాలా ఒక గిన్నెలోకి తీసి పక్కన పెట్టండి.

బియ్యం ఉడకబెట్టడం

పక్క పొయ్యి మీద పెద్ద గిన్నెలో మూడు లీటర్ల నీళ్లు, మిగిలిన దినుసులు, రెండు పెద్ద చెంచాల ఉప్పు, చెంచా నూనె వేసి తెర్లించండి. నీళ్లు నోట్లో వేసుకుంటే ఉప్పగా తెలియాలి. నానిన బియ్యం వంపి వేసి, నీళ్లు మళ్లీ తెర్లడం మొదలైన దగ్గర నుంచి లెక్కపెట్టండి. బాస్మతికి ఆరేడు నిమిషాలు, సన్నాలకి నాలుగైదు. గడియారం కన్నా గింజని నమ్మండి: రెండు వేళ్ల మధ్య నలిపితే మెత్తగా విరగాలి, లోపల సూది మొనంత పలుకు మిగలాలి. కోడి బిర్యానీకైతే ఇంకా ముందే దించుతాం. ఇక్కడ దమ్ము తక్కువ కాబట్టి బియ్యం కాస్త ముందుకెళ్లాలి.

చిల్లుల గిన్నెలోకి వార్చెయ్యండి. గంజి పారబొయ్యకండి, ఒక గ్లాసుడు ఉంచుకోండి.

వరసలు, దమ్ము

గిన్నె అడుగున ఉన్న సగం మసాలా మీద చేప ముక్కలు పక్కపక్కనే పరవండి. పళ్లెంలో వాటి నుంచి దిగిన రసం ఉంటే అదీ పొయ్యండి. పక్కన పెట్టుకున్న సగం మసాలా ముక్కల మీద సమంగా కప్పండి, తోలు కూడా కనబడకూడదు. మసాలా కప్పు లేని చోట చేప ఎండిపోతుంది. దాని మీద అన్నం, గరిటెతో అదమకుండా, చేత్తో చల్లినట్టు. మీద వేయించిన ఉల్లిపాయ, జీడిపప్పు, మిగిలిన పుదీనా కొత్తిమీర, రెండు చెంచాల నెయ్యి, అర చెక్క నిమ్మరసం. రంగు కావాలనుకుంటే చిటికెడు పసుపు నెయ్యిలో కలిపి అక్కడక్కడ చుక్కలు వెయ్యండి. అన్నం మరీ పొడిగా అనిపిస్తే గంజి నాలుగు చెంచాలు అంచుల వెంట పొయ్యండి, నడుమ కాదు.

మూత చుట్టూ గోధుమ పిండి ముద్ద అంటించండి. ఆ ఓపిక లేకపోతే తడి గుడ్డ చుట్టి మూత బిగించి మీద రోలో, నీళ్ల గిన్నో పెట్టండి. గుడ్డ అంచులు పొయ్యి మంటకి వేలాడకుండా పైకి మడవాలి, నేనొకసారి కాల్చుకున్నాను. మధ్య సెగ మీద మూడు నిమిషాలు, ఆవిరి పట్టేదాకా. తర్వాత కింద దోసె పెనం పెట్టి, దాని మీద గిన్నె పెట్టి, సెగ ఎంత తగ్గుతుందో అంత తగ్గించి 12 నిమిషాలు. ఆపేసి మరో 10 నిమిషాలు మూత తియ్యకుండా ఉంచండి.

ఆ ఆఖరి పది నిమిషాలే కష్టం. ఇంటినిండా వాసన, పిల్లలు కంచాలు పట్టుకుని చుట్టూ తిరుగుతుంటారు. అప్పుడే మూత తీస్తే ముక్క ఇంకా మెత్తగా, వణుకుతూ ఉంటుంది, గరిటె తగిలితే చాలు విడిపోతుంది. కాస్త వేడి తగ్గితే కండ బిగుసుకుంటుంది.

వడ్డన

గిన్నె నడుమ గరిటె గుచ్చి కలపడం కోడి అలవాటు, ఇక్కడ పనికిరాదు. ఒక అంచు దగ్గర నుంచి చదునైన అట్లకాడని గిన్నె అడుగుకంటా దించి, అన్నం, మసాలా, ముక్క మూడూ కలిపి పెళ్లలా పైకి ఎత్తండి. అదే పెళ్లని కంచంలో జార్చండి. కలుపుకునేది తినేవాళ్లే. చిన్నపిల్లలకి పెట్టేటప్పుడు మీరే నడుమ ముల్లు లాగేసి, పొట్ట వైపు ముళ్లు వేలితో తడిమి చూసి పెట్టండి.

పక్కకి పెరుగు చట్నీ మా ఇంట్లో రాదని చెప్పాను కదా. దాని బదులు వంకాయ పచ్చి పులుసు చేస్తాను. లావు వంకాయ ఒకటి నూనె రాసి మంట మీద నేరుగా కాల్చండి. తోలు నల్లబడి లోపల మెత్తబడ్డాక తోలు ఒలిచి చేత్తో నలపండి. నిమ్మకాయంత చింతపండు పులుసు తీసి అందులో కలిపి, ఉప్పు, సుపారీ అంత బెల్లం, సన్నగా తరిగిన పచ్చి ఉల్లి, పచ్చిమిర్చి వెయ్యండి. చెంచాడు వేయించిన నువ్వుల పొడి వేస్తే చిక్కదనం వస్తుంది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి తాలింపు. చల్లగా, పుల్లగా, కాస్త తియ్యగా ఉండే ఈ పులుసు వేడి బిర్యానీ పక్కన ఎంత బాగుంటుందో చెప్పడం కష్టం. అతిథులు మొదట వింతగా చూసి, రెండోసారి గిన్నె అడిగి తీసుకుంటారు.

తప్పు జరిగితే సర్దుకునే దారులు కొన్ని చెప్తాను. మూత తీసేసరికి అన్నం పలుకుగా ఉంటే, దాచిన గంజి వేడి చేసి చిలకరించి మరో నాలుగు నిమిషాలు దమ్ము పెట్టండి, అంతకి మించి వద్దు. అడుగున నీరు మిగిలితే మూత తీసి మధ్య సెగ మీద రెండు నిమిషాలు వదిలెయ్యండి, కలపకుండా. ఉప్పు తగ్గితే అన్నం మీద ఉప్పు చల్లకండి, పచ్చి పులుసులో పెంచండి. ముక్కలు చెదిరిపోతే మాత్రం మందు లేదు. ముళ్లన్నీ ఏరేసి, గుడ్డు రెండు వేయించి కలిపి, దానికి ఇంకో పేరు పెట్టుకోండి.

మిగిలినదాన్ని రాత్రంతా పొయ్యి గట్టు మీద వదలొద్దు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. వండిన అన్నం వెచ్చగా ఉండిపోతే అందులో పుట్టే సూక్ష్మజీవుల విషం మళ్లీ వేడి చేసినా పోదు. మర్నాడు ముక్కలు తీసి పక్కన పెట్టి అన్నం ఒక్కటే ఆవిరి మీద వేడి చేసి, ఆఖర్న ముక్కలు దాని మీద ఒక నిమిషం ఉంచితే చాలు.

ఇక విడిగా తెచ్చిన తల, తోక. బిర్యానీ దమ్ములో ఉన్నప్పుడే పక్క పొయ్యి మీద మట్టి దాకలో పులుసు పెట్టేస్తాను. ఉల్లిపాయ, చింతపండు, మెంతిపొడి, చిన్న బెల్లం ముక్క, ఆపైన రెండు బెండకాయలు. అది ఆ రోజు ఎవరూ ముట్టకూడదు. చేపల పులుసు ఒక రాత్రి ఊరాలి. మా అమ్మ బిర్యానీ రెండు ముద్దలు తిని "బాగానే వచ్చింది" అంటుంది గానీ, మర్నాడు పొద్దున్న ఆ తల ముక్క పెట్టుకుని చద్దన్నంతో కూర్చున్నప్పుడు మాత్రం ఎవరు పలకరించినా పలకదు.